బాలన్న చూపుడువేలు

వనపర్తిలో మా రెండు దుకాణాలకు నడుమ ఒకటే గోడ. ఇవతల నాది, బ్యాటరీల దుకాణం. అవతల బాలన్నది. అతను ఆంప్లిఫయర్లు చేస్తాడు, అంటే మైకులో పలికిన గొంతును పెద్దది చేసి స్పీకరుకు పంపే డబ్బాలు. ఆ గోడను ఇంకో జానెడు మందంగా కట్టి ఉంటే నా ఆయుష్షు పెరిగేదని మా ఇంటామె రహీమాబీ అంటుంది. పొద్దున తాళం తీసింది మొదలు బాలన్న గొప్పలన్నీ ఇటే వచ్చి పడతాయి మరి.

ఈ మనిషి గురించి రాయాలంటే ముందు అతని కుడిచేతి చూపుడువేలు గురించి రాయాలి. ఆ వేలి కొస నల్లగా, మొద్దుగా, కాయకాసి ఉంటుంది. దుకాణానికి ఎవరొచ్చినా దాన్ని ఎత్తి చూపిస్తాడు.

"అందరికి మీటర్లుంటయి. నాకు గీ ఏలుంది" అంటాడు.

వచ్చినవాళ్లు ఆ వేలిని అబ్బురంగా చూస్తారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

బాలన్న పుట్టింది తుంగభద్ర దగ్గరి రాజోలిలో. తండ్రి మగ్గం నేసేవాడు. కొడుక్కి మగ్గం గుంటలో కాళ్లు పెట్టడం నామోషీ అనిపించింది. కరెంటు పని నేర్చుకుంటానని గద్వాల వచ్చి ఒక రేడియో దుకాణంలో చేరాడు. ఆ దుకాణం ఉస్తాదు దగ్గర మంచి మీటరు ఉండేదట. దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో దాచేవాడట. పనివాళ్లను తాకనిచ్చేవాడు కాదట. తాకనివ్వని మీటరుతో కొలవడం ఎవరికి వస్తుంది? అందుకని ఆయన దగ్గర పని నేర్చినవాళ్లంతా వేలితో చూడడం నేర్చుకున్నారు. వాళ్ల దగ్గర నేర్చినవాళ్లూ అదే నేర్చుకున్నారు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా పాతకాలపు మెకానిక్కులందరిదీ ఇదే ఆచారం. ఒక పిసినారి ముసలాయన బీరువాకు వేసిన తాళం ఇంతమంది వేళ్లు కాల్చింది. పైగా అది కళ అయి కూర్చుంది.

వేలితో చూసేది ట్రాన్సిస్టరును. ఆంప్లిఫయరులో అసలు బరువు మోసేది అదే. దానికి మూడు కాళ్లు. కలెక్టరు అనే కాలి గుండా పెద్ద కరెంటు పారుతుంది. శబ్దం గట్టిగా ఉంటే ఎక్కువ, మెల్లగా ఉంటే తక్కువ. శబ్దం లేనప్పుడు దాన్ని బొత్తిగా ఆపేస్తే మాత్రం, గొంతు తగ్గిన చోటల్లా గరగరమని గీకినట్టు వినిపిస్తుంది. అందుకని ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొద్దిగా పారనివ్వాలి, అడ్డాలో ఆటోవాళ్లు ఇంజను ఆపకుండా ఉంచుకున్నట్టు. ఎంత పారనివ్వాలో సరిచేయడానికి బోర్డు మీద చిన్న మర ఉంటుంది. మీటరు ఉన్నవాడు మీటరు చూసి తిప్పుతాడు. బాలన్న అయితే ట్రాన్సిస్టరు బిగించిన అల్యూమినియం రెక్కల మీద వేలు పెట్టి, చురుక్కుమనేదాకా తిప్పుతూనే ఉంటాడు. ఎంత చురుక్కుమంటే పాట అంత తియ్యగా వస్తుందని అతని శాస్త్రం.

తియ్యగానే వచ్చేది, కాదనను. పెళ్లిళ్లకు, భజనలకు బాలన్న డబ్బా కావాలని జనం ఎడ్లబండ్ల మీద వచ్చి పట్టుకుపోయే రోజులుండేవి. బొంగురు గొంతువాడు పాడినా అందులోంచి నున్నగా వచ్చేది. బ్యాటరీ కాదు, గోడ ప్లగ్గులో కరెంటు ఉండేది, ఎంత తాగినా అడిగేవాడు లేడు. అప్పుడే ఒక కాగితం అచ్చు వేయించుకున్నాడు. పసుపు మీద ఎర్ర అక్షరాలు, బాలన్న సౌండ్స్, పక్కన వీణ బొమ్మ. డబ్బా తయారయ్యాక చేతులు చొక్కాకు తుడుచుకుని ఆ కాగితం అంటించేవాడు. పసిబిడ్డకు బొట్టు పెట్టినంత ముచ్చట. ఆ ముచ్చటలోనే మనిషి చెడిపోయాడు.

తరువాత ట్రాక్టరు నిండా పేర్చుకునే డీజే పెట్టెలు వచ్చాయి. గుండెలదిరితే చాలు, తియ్యదనం ఎవరికి కావాలి? బాలన్న దుకాణంలో ఈగలు మూగాయి. అప్పుడతన్ని బతికించినవి, చెబితే అతనికి కోపం వస్తుంది గానీ, అడవిపందులు.

మా దిక్కు పల్లి చేన్లకు పందుల బెడద ఎంతటిదో రైతునడగాలి. కాయ ఊరే వేళకు మందగా వచ్చి మూతితో సాళ్లకు సాళ్లు పెళ్లగిస్తాయి. కావలి కాసి కాసి అలిసిపోయిన రైతులు కొత్త ఉపాయం పట్టారు. చేను నడుమ కట్టెకు ఒక గొట్టం మైకు, కింద ఒక ఆంప్లిఫయరు, ఒక బ్యాటరీ, దాన్ని పగటిపూట నింపడానికి సోలారు పలక. రికార్డు చేసిన అరుపు ఉండి ఉండి మోగుతుంది. మనిషి ఉన్నాడనుకుని పందులు రావు. ఈ డబ్బాలకు గిరాకీ మొదలయ్యేసరికి బాలన్న మళ్లీ నిటారుగా నడవసాగాడు. పందుల కోసం చేస్తున్నానని మాత్రం ఎవరితోనూ అనడు. "రైతు సౌండ్" అంటాడు.

మల్లమ్మది గోపాల్‌పేట దగ్గర కౌలు చేను. భర్త లింగయ్య తుంటి విరిగి మంచాన పడ్డాడు. ఆమె ఒక్కతే పల్లి వేసి, తనే మంచె మీద పడుకుని, గొంతు పోయేలా అరిచి కాపాడుకుంటోంది. దగ్గు పట్టుకుంది. పైగా ఆ భూమి యజమాని తేల్చి చెప్పేశాడు, ఈసారి పంట చేతికి రాకపోతే చేను ఇంకొకరికిస్తానని. ఆమెకు ఆ చేను తప్ప ఇంకో ఆధారం లేదు. గాజులు అమ్ముకున్నా సరే అనుకుని డబ్బా కోసం వచ్చింది. బ్యాటరీ నా దగ్గర తీసుకుని, ఆంప్లిఫయరుకు గోడ అవతలికి పోయింది. మాటలన్నీ నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"అన్నా, పందులు బెదరాలె. గట్టిగ ఒర్రాలె. గంతే" అంది.

"ఒర్రుడు గాదమ్మా, పలకాలె. నా డబ్బా పలుకుతది. ఏదీ, నువ్వే ఒకపారి ఒర్రు, ఎక్కిస్త."

మల్లమ్మ "హోయ్, హోయ్" అని అరిచింది. బాలన్నకు నచ్చలేదు. మళ్లీ అరిపించాడు. చివర బొంగురు పోతోందని ఇంకోసారి అరిపించాడు. తరువాత డబ్బాకు తగిలించి వినిపించాడు. ఆ తల్లి రాళ్లు విసిరినట్టు అరిచిన అరుపు జోలపాటలా బయటికొచ్చింది. నేను ఇవతల తల పట్టుకున్నాను. అంత కమ్మగా పిలిస్తే పందులు పిల్లాపాపలతో రావా?

అవి చలి బాగా ముదిరిన రోజులు. పొద్దెక్కినా ఇనుము తాకితే చేయి కొంకర్లు పోతోంది. బాలన్న రెక్కల మీద వేలు పెట్టాడు. చల్లగా ఉంది. మర తిప్పాడు. ఇంకా చల్లగానే ఉంది. చురుక్కుమనేదాకా తిప్పాడు. చలికాలంలో లోహం చురుక్కుమనాలంటే లోపల ఎంత మండాలో ఆలోచించే తల ఆ వేలికి లేదు, వేలు గలవాడికీ లేదు. కాగితం అంటించాడు, పంపించాడు.

రెండు రోజులకే మల్లమ్మ బ్యాటరీని చంకనేసుకుని వచ్చింది.

"పాషా తమ్మీ, తెల్లారి పోయి సూస్తె డబ్బా మూగవోయింది. పందులొచ్చి ఒక మూలంత బోర్లించి పోయినయి. అన్న ఏమంటుండంటె, బ్యాటరీల దమ్ము లేదంట."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు బాలన్న తప్పును నా బ్యాటరీ మీదికి తోసేశాడు. ఆమె మొహం చూసి పాతది తీసుకున్నాను. కొత్తది ఇచ్చి పంపాను. దానికీ అదే గతి పట్టింది. ఈసారి వచ్చినప్పుడు ఆమె తమ్మీ అనలేదు. దుకాణం ముందు నలుగురు గిరాకీలుండగానే నిలదీసింది.

"ముసల్దాన్ని, తెల్వనిదాన్నని సచ్చిన మాలు అంటగడ్తున్నవా? పావు చేను నాకవోయినయి. ఇంక మిగిలిందన్న దక్కాలంటె ఏం జెయ్యాలె నేను? నీకు దండం బెడ్త, చెప్పు!"

నాకు కోపం రాలేదంటే అబద్ధం. అయితే ఆ కోపం ఆమె మీద కాదు. నా మీటరు తీసుకుని, ఆమె తెచ్చిన డబ్బాను, నా దగ్గరి నిండు బ్యాటరీని పట్టుకుని గోడ అవతలికి పోయాను. బ్యాటరీకీ డబ్బాకూ నడుమ మీటరు పెట్టాను. పాట లేదు, మాట లేదు, మైకు గమ్మున ఉంది. మీటరు ముల్లు మాత్రం లేచి సగం దాటి నిలబడింది.

"సూడు బాలన్నా. ఏం సప్పుడు లేకుంటెనే నీ డబ్బ గింత తాగుతుంది. రాత్రంత మధ్యమధ్యల ఒర్రుడు జరసేపే, మిగిలిన టైమంత ఊకనే తాగుడు. తెల్లారేదాక బ్యాటరీ ఏడ నిలుస్తది?"

అతను మీటరు వైపు కన్నెత్తి చూడలేదు. రెక్కల మీద వేలు పెట్టాడు.

"సరిగ్గనే గరముంది."

"గరముందనే చెప్తున్న. ఆ మర జర తగ్గియ్యి."

"తగ్గిస్తె గరగరమంటది."

"అననీయ్."

"బాలన్న డబ్బ గరగరమనదు పాషా భాయ్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ల ఎవలనన్న అడుగు. ఎండకాలం నా కాడ కొన్నోళ్లు ఒక్కలన్న వాపస్ వచ్చిండ్రా?"

ఎండాకాలంలో కొన్నవాళ్లు రాలేదంటే ఆ ఎండకు లోహం తానే సగం కాగి ఉంది, వేలు తొందరగా చురుక్కుమంది, మర తక్కువ తిరిగింది. ఇది చెప్పాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. పందికేం తెలుసు పన్నీరు వాసన అని మన పెద్దలు అన్నారు గానీ, పనిగట్టుకుని పందులకు పన్నీరు చల్లేవాడు ఒకడు పుడతాడని వాళ్లు అనుకుని ఉండరు.

మల్లమ్మ మా ఇద్దరి నడుమ నిలబడి వింటోంది. ఆమెకు ముల్లుతో పనిలేదు, వేలితోనూ లేదు. "మీ కొట్లాటేందో నాకు తెల్వదు. రేపు పొద్దుగాల ఇద్దరు నా చేనుకొచ్చి సూడుండ్రి. సూసినంక ఎవల్ని తిట్టాల్నో తిడ్త" అని బ్యాటరీ నింపించుకుని వెళ్లిపోయింది.

బాలన్న రానన్నాడు. "పందుల సంగతి నేనేం జూడాలె" అన్నాడు. నేను తెల్లవారుతూనే అతని ఇంటి ముందు బండి ఆపి హారను కొట్టడం మొదలుపెట్టాను. వీధంతా లేచేసరికి, తియ్యని శబ్దాల మనిషి కదా, తట్టుకోలేక మఫ్లరు చుట్టుకుని వచ్చి బండెక్కాడు.

మంచు ఇంకా విడవలేదు. చేనులోకి దిగేసరికి పందుల గిట్టల గుర్తులు పచ్చిగా ఉన్నాయి. సాళ్లు సాళ్లుగా మొక్కలు వెల్లకిలా పడి ఉన్నాయి. మల్లమ్మ వంగి, అవి నమిలి ఊసిన తుక్కులో చేయిపెట్టి దేవుతోంది. కొరకని కాయ దొరికితే కొంగులో వేసుకుంటోంది. కొంగు అడుగు కూడా నిండలేదు.  బాలన్న మాత్రం నేరుగా తన డబ్బా దగ్గరికి పోయాడు. ముందు కాగితం తడిసిందేమో చూసుకున్నాడు. అప్పుడు అతన్ని అక్కడే ఒకటి పీకాలనిపించింది.

మల్లమ్మ లేచి వచ్చింది. చేతులు చలికి వంకర్లు పోయి ఉన్నాయి. డబ్బా ముందు గొంతుకూర్చుని రెండు అరచేతులూ రెక్కలకు ఆనించింది.

"ఇంక జర ఎచ్చగనే ఉంది" అంది. "డబ్బ ఏం జెయ్యకపోయినా గిదొక్కటి మంచిగ జేస్తది అన్నా. సాయంత్రం మీట ఏసినంక కూడ గిట్లనే కాపుకుంట. కుంపటి లెక్క ఉంటది."

ఆమె ఎత్తిపొడవలేదు. ఉన్నమాట చెప్పింది, మెచ్చుకుంటూనే చెప్పింది. నేను నవ్వాను. పగలబడి నవ్వాను. బ్యాటరీలో ఉన్నదంతా అరుపుకు పోలేదు, పాటకు పోలేదు, ముసలామె చేతులు కాగడానికి పోయింది. బాలన్న ఇన్నేళ్ల శాస్త్రం చేసిన పని ఇది, చేను నడుమ ఒక కుంపటి.

బాలన్న ఆ చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు. చూపుడువేలు మడిచి పిడికిట్లో పెట్టుకున్నాడు. నా వైపు తిరగకుండానే, "మీటరు తెచ్చినవా?" అన్నాడు.

తెచ్చాను. బండి బ్యాటరీ విప్పి డబ్బాకు తగిలించి, నడుమ మీటరు పెట్టాను. అతను గొంతుకూర్చుని, జేబులోంచి సన్నని స్క్రూడ్రైవరు తీసి మర వెనక్కి తిప్పాడు. ముల్లు దిగసాగింది. అది దిగుతున్నకొద్దీ అతని మొహం కూడా దిగిపోయింది. పంటినొప్పికి పన్ను పీకించుకునేవాడిలా కళ్లు మూసుకుని ఆఖరి చుట్టు తిప్పాడు. ముల్లు అడుగుకంటా వచ్చింది. అప్పుడు రికార్డు పెట్టాడు.

"హోయ్! హోయ్!"

చేను అదిరింది. దూరంగా కంపచెట్లలో ఏదో జంతువు తొక్కుకుంటూ పరుగెత్తింది. గట్టిగా అరిచినంతసేపూ ఏ తేడా లేదు. అరుపు సన్నగిల్లే చోట మాత్రం బొంగురు పోయింది, గరగరా గీకింది. బాలన్న చెవులు మూసుకున్నాడు.

మల్లమ్మ చెవి ఒగ్గి వింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ వింది.

"గిదీ నా గొంతు" అంది. "ఇన్నేండ్లు పందుల్ని తోలి తోలి గిట్లనే అయింది నా గొంతు. నిన్నటిదాక దాంట్ల ఒర్రింది ఎవలో నాకు తెల్వదు. ఊర్ల పిల్లెవలో సరదాకు పిల్చినట్లుండె."

బాలన్నకు ఆ మాట ఎక్కలేదు. అతను డబ్బా ముందు వంగి పసుపు కాగితాన్ని గోటితో గీకుతున్నాడు. అది అంత తొందరగా ఊడదు, నాసిరకం బంక వాడడు. వీణ సగం చిరిగింది. మిగిలిన సగాన్ని ఉమ్మి తడిచేసి గీకాడు.

"ఏం జేస్తున్నవు బాలన్నా?" అన్నాను.

"గీ గొంతుకు నా పేరుండొద్దు" అన్నాడు.

పంటలో సగం పందుల పాలైంది. ఆడమనిషి ఎంగిలి తుక్కులో కాయలు ఏరుకుంటోంది. ఈయనకు పేరు మైలపడిందని బెంగ.  నేను తిట్టబోయేలోపే మల్లమ్మ అందుకుంది. కొంగులో కాయలు సర్దుకుంటూ, కోపమేమీ లేకుండానే అంది.

"తీస్కపో అన్నా, నీ పేరు నువ్వు తీస్కపో. పందులకు సదువు రాదు."

వనపర్తి చేరేదాకా బాలన్న బండి మీద గోటి సందుల్లోని పసుపు కాగితం ముక్కలు తీసుకుంటూ కూర్చున్నాడు. 

ఆ రోజు నుంచి మల్లమ్మ డబ్బా తెల్లారేదాకా అరిచింది. తెల్లారినా బ్యాటరీలో ఇంకా మిగిలే ఉంది. మిగిలిన సగం చేనులోకి పంది దిగలేదు. కాయ నిండుగా ఊరింది. పీకుడు రోజున భూమి యజమాని గట్టు మీద నిలబడి కుప్ప చూసి, వచ్చే పంటకూ నువ్వే చేసుకో అన్నాడట. ఆ సంగతి చెప్పడానికి మల్లమ్మ ఒక గంప పచ్చికాయ మోసుకుని వచ్చి, సగం నా దుకాణంలో, సగం బాలన్న దుకాణంలో పోసింది. రహీమాబీ ఉడకబెట్టింది. బాలన్న పచ్చివే తిన్నాడు, వద్దనకుండా తిన్నాడు. ఆ విషయంలో మనిషికి నామోషీ లేదు.

ఇప్పుడు గోపాల్‌పేట దిక్కునుంచి రైతులొస్తారు. బాలన్న సౌండ్స్ అని రాసి ఉన్న బోర్డు కిందనే నిలబడి, "మల్లమ్మ డబ్బ ఉన్నదా?" అని అడుగుతారు. మొదట్లో "గసొంటి డబ్బ నేను జెయ్య" అని కసురుకునేవాడు. పొయ్యిలో పిల్లి లేవని రోజులు గుర్తొచ్చాయో ఏమో, తరువాత "కూసోండ్రి, జేసిస్త" అనడం నేర్చుకున్నాడు. పసుపు కాగితాల కట్ట మేకుకు వేలాడుతూ దుమ్ము పట్టిపోతోంది.

డబ్బా తయారయ్యాక అలవాటు చావక రెక్కల మీద వేలు పెడతాడు. చల్లగా తగులుతుంది. ఆ వేలిని కాసేపు అక్కడే ఉంచుతాడు, ఎప్పటికైనా చురుక్కుమంటుందేమోనని. తరువాత దాన్ని తీసి, అదే వేలితో మా నడిమి గోడ మీద తడతాడు.

"పాషా భాయ్, జర మీటరియ్యి."

నేను ఇస్తాను. నా మీటరును నేను గుడ్డలో చుట్టి దాచుకోను.